నేరేడాకు, వెండి, ఊదారంగు ప్లేటు: మా ల్యాబ్ డైరీ

జూలై 6

నేరేడాకులతో వెండి నానోకణాలు (మిల్లీమీటరులో పదిలక్షో వంతు కొలతల్లో ఉండే వెండి రేణువులు) చేసి, అవి పెద్దపేగు క్యాన్సర్ కణాల్ని ఏం చేస్తాయో చూడడం నా ప్రాజెక్టు. మొదటి బ్యాచ్ పోయింది. నేరేడాకుల కషాయం పది మిల్లీలీటర్లు పిపెట్‌తో సిల్వర్ నైట్రేట్‌లో వేశానో లేదో ఫ్లాస్కు మొత్తం బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా అయిపోయింది. రావాల్సింది ముందు లేత పసుపు, తర్వాత తేనెరంగు, ఆఖరికి ముదురు గోధుమ. ఈ తెలుపు ఎక్కడా చదవలేదు.

చేసిన పద్ధతి రాసి పెట్టుకుంటున్నా, తర్వాత వెతుక్కోడానికి. ఆకులు 10 గ్రాములు సన్నగా తరిగి 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 60 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచి, చల్లారాక వాట్‌మన్ నంబర్ 1 పేపర్‌లో వడగట్టా. సిల్వర్ నైట్రేట్ ఒక మిల్లీమోలార్, అంటే 100 మిల్లీలీటర్లకి 17 మిల్లీగ్రాములు, ఫ్లాస్కుకి అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఉంచా, వెలుతురు తగిలితే అదే నల్లబడుతుంది కాబట్టి. గ్లవ్స్ తీసి మూత పెట్టిన పాపానికి రెండు వేళ్ళు సాయంత్రానికి నల్లమచ్చలు పడ్డాయి, వారం దాకా పోవు.

జూలై 8

రాత్రి పడుకున్నాక తట్టింది. సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లటి అవక్షేపం, అది ఇంటర్ సాల్ట్ ఎనాలిసిస్‌లో అందరం చేసిందే కదా, క్లోరైడ్! పొద్దున్నే వచ్చి ఆ తెల్ల నీళ్ళలో కొంచెం అమ్మోనియా చుక్కలు వేస్తే కరిగిపోయింది, అంటే సిల్వర్ క్లోరైడే. మరి క్లోరైడ్ ఎక్కణ్ణించి వచ్చింది అంటే, ఆకులు భీమిలిలో మా అమ్మమ్మ ఇంటి పెరట్లోవి, సముద్రం అక్కడికి అరకిలోమీటరు కూడా ఉండదు, కిటికీ ఊచలు రెండేళ్ళకే తుప్పు పట్టే ఇల్లు అది, గాలికి ఉప్పంతా ఆకుల మీదే ఉంటుంది. నేను కుళాయి కింద ఒకసారి కడిగి వదిలేశా, కుళాయి నీళ్ళలోనూ క్లోరైడే.

ఈసారి డిస్టిల్డ్ వాటర్‌తో కడుగుతూ, ప్రతిసారీ కడిగిన నీళ్ళలో ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేసి చూశా. మొదటిసారి పాలలా, రెండోసారి పొగలా, మూడోసారి చీకటి గుడ్డ ముందు పెట్టి చూస్తే తప్ప కనపడనంత, నాలుగోసారి ఏమీ లేదు. ఇకమీదట నాలుగుసార్లు అని గోడ మీద అంటించా.

ఈ ప్రాజెక్టు ఎందుకు ఎంచుకున్నానో కూడా ఒకసారి రాసుకోవాలనిపిస్తోంది. మా పెద్ద మావయ్య ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకి ఐసు ఎక్కించే పని చేస్తాడు. ఎనిమిది నెలలు విరేచనంలో రక్తం పడుతుంటే మొలలే కదా అని నాటు మందు తిన్నాడు, ఎవరికీ చెప్పలేదు, ఆఖరికి కొలనోస్కోపీ చేస్తే పెద్దపేగులో గడ్డ. ఆపరేషన్ అయింది. ఇప్పుడు క్యాన్సర్ మందులు, మూడు వారాలకోసారి ఆక్సాలిప్లాటిన్ డ్రిప్పు, రెండు వారాలు కేపసిటాబిన్ బిళ్ళలు. ఆక్సాలిప్లాటిన్ నరాల మీద పనిచేసి చల్లటిది ఏది తగిలినా షాకు కొట్టినట్టు చేస్తుంది, డ్రిప్పు పెట్టిన రోజుల్లో ఫ్రిజ్ తలుపు కూడా పట్టుకోలేడు. ముప్ఫై ఏళ్ళు ఐసుగడ్డలు మోసిన చేతులవి. "ఏటమ్మా, చన్నీళ్ళు ముట్టుకుంటే కరెంటు కొట్టినట్టుంటాంది" అని నాకు చెప్పాడు, అత్తకి చెప్పలేదు.

2022 లెక్కల ప్రకారం ప్రపంచంలో ఆ ఏడాది కొత్తగా పెద్దపేగు, పురీషనాళం క్యాన్సర్ వచ్చినవాళ్ళు 19 లక్షల పైన, చనిపోయినవాళ్ళు 9 లక్షల పైన. ఆ లెక్క నేను ప్రపోజల్ మొదటి పేజీలోనే రాశా, కానీ రాసేటప్పుడు నా కళ్ళ ముందున్నది ఆ రెండు చేతులే. మందు ఒళ్ళంతా తిరక్కుండా పేగు దగ్గరే దిగేలా చేయగలిగితే, అన్నదే నానోకణాల మీద ఇంతమంది పనిచేయడానికి కారణం.

జూలై 14

వచ్చింది! 90 మిల్లీలీటర్ల సిల్వర్ నైట్రేట్‌లో 10 మిల్లీలీటర్ల కషాయం, హాట్‌ప్లేట్ మీద 60 డిగ్రీలు, మాగ్నెటిక్ స్టిర్రర్ మెల్లగా. మొదటి అయిదు నిమిషాలు ఏమీ కాలేదు, నేను ముఖం ఫ్లాస్కుకి ఆనించేంత దగ్గరగా కూర్చున్నా. ఎనిమిదో నిమిషంలో అడుగున తిరిగే ముక్క చుట్టూ పలచటి పసుపు, గంజిలో పసుపు చిటికెడు వేసినట్టు. పావుగంటకి తేనె. నలభై నిమిషాలకి డికాక్షన్ రంగు, అక్కడితో ఆగిపోయింది, ఇంకో గంట ఉంచినా ముదరలేదు. ల్యాబ్ అటెండర్ బాబాయి చూసి "కాఫీ పెట్టావా అమ్మా" అన్నాడు, నిజంగానే అచ్చం అలాగే ఉంది.

ఆకులోని పాలీఫినాల్స్, నేరేడులో గాలిక్ ఆసిడ్, ఎలాజిక్ ఆసిడ్ లాంటివి ఉంటాయి, అవి వెండి అయాన్‌కి ఎలక్ట్రాన్ ఇచ్చి దాన్ని వెండిగా మారుస్తాయి, ఆ వెండి పరమాణువులు గుంపు కట్టి కొన్ని పదుల నానోమీటర్ల దగ్గర ఆగుతాయి, ఆకులోని పదార్థాలే వాటి చుట్టూ పొరలా అతుక్కుని ఇంకా పెరక్కుండా పట్టుకుంటాయి. ఏ రంగు వెలుతురు ఎంత మింగుతుందో కొలిచే యూవీ-విజిబుల్ మెషీన్‌లో పెడితే 428 నానోమీటర్ల దగ్గర ఒక్కటే శిఖరం. వెండి నానోకణాలకి 400 నుంచి 450 మధ్య రావాలి, కాబట్టి ఆ గ్రాఫు ప్రింట్ తీసుకుని ఇంటికి తీసుకెళ్ళి అమ్మకి చూపించా.

జూలై 31

ఈ పదిహేను రోజులూ కొలతలే, తొందరగా రాసేస్తా. ఎక్స్‌రేలతో స్ఫటికం ఏ లోహానిదో చూసే ఎక్స్ఆర్‌డీలో 38.1, 44.3, 64.4, 77.4 డిగ్రీల దగ్గర వెండి శిఖరాలు నాలుగూ ఉన్నాయి. ద్రవంలో తేలే కణాల సైజు లేజర్‌తో కొలిచే డీఎల్ఎస్‌లో 86 నానోమీటర్లు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ (టెమ్) ఫోటోలో 20 నుంచి 35. ఈ తేడా చూసి మా జూనియర్ కంగారుపడింది కానీ అది తప్పేమీ కాదు, టెమ్ లోహాన్ని చూస్తుంది, డీఎల్ఎస్ ఆ చుట్టూ ఉన్న పొర, దాని వెంట కదిలే నీళ్ళు కలిపి కొలుస్తుంది.

అసలు బాధపెట్టింది వేరే. వానలు పడ్డాక కోసిన ఆకులతో చేస్తే అదే పద్ధతిలో శిఖరం 441కి జరిగింది, వెడల్పు కూడా అయింది. చిగురాకులకీ ముదురాకులకీ కూడా తేడా వచ్చింది. ఒకే చెట్టు! మొక్కలతో చేసే పనిలో అందరూ చౌక, పర్యావరణానికి మంచిది అని రాస్తారు, అది నిజమే, కానీ ఈనెల చేసిన నానోకణమే వచ్చేనెల చేయలేకపోతే అది మందు ఎలా అవుతుంది. మా గైడ్ మేడమ్‌తో మాట్లాడి ఒక నిర్ణయం తీసుకున్నాం, ముదురాకులు ఒకేసారి రెండు కిలోలు కోసి నీడలో ఎండబెట్టి పొడి చేసి డబ్బాల్లో మూసి పెట్టి, ఏడాదంతా ఆ పొడే వాడాలి. కొమ్మ ఒకటి ప్రెస్ చేసి బోటనీ డిపార్ట్‌మెంట్‌లో చెట్టు ఇదేనని రాయించుకున్నా.

ఆగస్టు 22

పరిశోధనకి జీవకణాలు (సెల్స్) పెంచి ఇచ్చే పుణె ఎన్‌సీసీఎస్ నుంచి కణాలు వచ్చాయి. హెచ్‌సీటీ-116, మనిషి పెద్దపేగు క్యాన్సర్ కణాలు. ఎల్929, ఎలుక ఫైబ్రోబ్లాస్టులు (చర్మం కింద ఉండే లాంటి కణజాలపు కణాలు), మామూలు కణాలతో పోల్చడానికి. పెద్దపేగు మామూలు కణాలే ఉంటే ఇంకా బాగుండేది, మా బడ్జెట్‌కి అందలేదు.

మొదటి రెండు ఫ్లాస్కులకి బూజు పట్టింది. ఆగస్టులో విశాఖ గాలి అంటే తెలుసు కదా, ఏసీ ఆపితే గోడలకే చెమ్మ. ఇన్‌క్యుబేటర్‌లో నీళ్ళ ట్రే తీసి, ఆటోక్లేవ్ చేసిన నీళ్ళు పోసి, అంతా 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, మళ్ళీ లిక్విడ్ నైట్రోజన్‌లో దాచిన వయల్ కరిగించి మొదలెట్టా. మూడో రోజుకి మైక్రోస్కోప్ కింద అడుగున అతుక్కుని పలకల్లా పరుచుకున్నాయి.

సెప్టెంబర్ 10

ఈరోజు సంగతి వివరంగా రాయాలి.

ఎన్ని కణాలు బతికున్నాయో చూసే ఎంటీటీ పరీక్ష పెట్టా. 96 గుంతల ప్లేటు, ఒక్కో గుంతలో 8,000 కణాలు, ఒకరోజు అతుక్కోనిచ్చి, నానోకణాలు మిల్లీలీటరుకి 5, 10, 25, 50, 100 మైక్రోగ్రాములు, 24 గంటలు. తర్వాత ఎంటీటీ అనే పసుపు పొడి ద్రావణం వేస్తే బతికున్న కణం దాన్ని ఊదారంగు ఫార్మజాన్‌గా మారుస్తుంది, అది డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించి 570 నానోమీటర్ల దగ్గర చదివితే, ఎంత ఊదా ఉంటే అంత బతికున్నట్టు.

25 దగ్గర 62 శాతం బతికాయి. 50 దగ్గర 48. బాగుంది అనుకుంటూ 100 చూస్తే 71 శాతం! మోతాదు రెట్టింపు చేస్తే చావాల్సినవి లేచి కూర్చున్నాయి.

ప్లేటు తప్పు పెట్టానేమో అని మళ్ళీ చేశా, మళ్ళీ అదే. కానీ ఎంటీటీ వేసే ముందు మైక్రోస్కోప్‌లో ఫోటోలు తీసి ఉంచా, 100 గుంతలో ఒక్క కణం కూడా అడుగున లేదు, అన్నీ గుండ్రంగా ముడుచుకుని మీడియంలో (కణాలు పెరిగే ద్రవంలో) తేలుతున్నాయి, సగ్గుబియ్యం గింజల్లా. కంటికి చచ్చినవి మెషీన్‌కి బతికున్నాయి. రాత్రి తొమ్మిదింటికి మద్దిలపాలెంలో ఆటో దిగి ఇంటికి నడుస్తూ కూడా అదే ఆలోచన, ఎవరిని నమ్మాలి అని.

సెప్టెంబర్ 13

కణాలే లేకుండా పెట్టి చూడు అని మేడమ్ ఒక్క మాట అన్నారు. అంతే చేశా. ఖాళీ గుంతల్లో మీడియం, నానోకణాలు, ఎంటీటీ. వేరే వరసలో మీడియం, ఉత్త ఆకు కషాయం, ఎంటీటీ. నాలుగు గంటల తర్వాత తీసి చూస్తే కషాయం వరస అంతా ఊదా! ఒక్క ప్రాణమున్న కణం లేని గుంతలు, వంకాయ తొక్క రంగులో.

అర్థమయ్యాక కాసేపు స్టూలు మీద అలాగే కూర్చుండిపోయా. వెండి అయాన్‌కి ఎలక్ట్రాన్ ఇచ్చిన ఆ పాలీఫినాల్సే ఎంటీటీకి కూడా ఇచ్చేశాయి, ఏ గుణం చూసి నేను నేరేడాకుని ఎంచుకున్నానో ఆ గుణమే నా పరీక్షని పాడుచేసింది. పైగా వెండి నానోకణాల గోధుమరంగు కూడా 570 దగ్గర కొంత వెలుతురు మింగుతుంది, మోతాదు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. రెండూ కలిసి చచ్చిన కణాల్ని బతికున్నట్టు చూపించాయి.

మొక్కల సారంతో ఎంటీటీ చేసేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే దయచేసి ఈ ఖాళీ వరస పెట్టండి. నాకు లెక్క ఎక్కువ వచ్చింది కాబట్టి అనుమానం వచ్చింది, కొంచెమే వచ్చుంటే పట్టుకునేదాన్నే కాదు.

ఇప్పుడు మార్చింది ఇది: ఎంటీటీ వేసేముందు మీడియం మెల్లగా తీసేసి పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో రెండుసార్లు కడగడం, కరిగించాక ప్లేటు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పైన తేటని మాత్రమే కొత్త ప్లేటులోకి మార్చడం, ప్రతి మోతాదుకీ కణాలు లేని గుంత పెట్టి ఆ అంకె తీసేయడం, చచ్చిన కణాలకి మాత్రమే ఎక్కే ట్రిపాన్ బ్లూ రంగు వేసి చేత్తో లెక్కపెట్టి సరిచూడడం. కడిగేటప్పుడు వదులుగా ఉన్న బతికున్న కణాలు కూడా పోయే ప్రమాదం ఉంది, అందుకే చేతిలెక్క మానను.

అక్టోబర్ 4

కొత్త పద్ధతిలో మూడుసార్లు చేశా, మూడూ కలిశాయి. 100 దగ్గర ఇప్పుడు 12 శాతం. సగం కణాలు చచ్చే మోతాదు హెచ్‌సీటీ-116కి దాదాపు 28 మైక్రోగ్రాములు.

ఇక్కడితో ఆపి గ్రాఫు గీస్తే చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ ఎల్929 మామూలు కణాలకి సగం చచ్చే మోతాదు 35. అంటే ఒకదానితో ఒకటి భాగిస్తే 1.25. క్యాన్సర్ కణాన్ని చంపే మోతాదుకి కాస్త పైన మామూలు కణం కూడా పోతోంది. ఇది గురి చూసి కొట్టడం అనిపించుకోదు.

ఇంకోటి కూడా పెట్టా, చాలామంది పెట్టరు. ఉత్త ఆకు కషాయం ఒక వరస, ఉత్త సిల్వర్ నైట్రేట్ ఒక వరస, వెండి బరువు సమానంగా ఉండేలా. కషాయం 100 దాకా కణాల్ని దాదాపు ఏమీ చేయలేదు. సిల్వర్ నైట్రేట్ మాత్రం నా నానోకణాల కన్నా తక్కువ మోతాదులోనే చంపేసింది. కాబట్టి చంపేది వెండి. కణంలోకి వెళ్ళి మెల్లగా అయాన్లు వదులుతుంది, అవి ప్రొటీన్లలోని సల్ఫర్‌ని పట్టుకుంటాయి, కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియా దెబ్బతింటుంది. నేరేడాకు ఇందులో వెండిని తయారుచేసింది, పొరగా నిలబడి వదిలే వేగం తగ్గించింది, అంతవరకే. నా ప్రాజెక్టు పేరులో "మొక్కల ఆధారిత" అని ఉంది, ఆ మాట చదివినవాళ్ళు ఆకు క్యాన్సర్‌ని తగ్గించిందనుకుంటారు. పేరు మార్చాలని మేడమ్‌ని అడిగా, సరే అన్నారు.

అక్టోబర్ 19

ఆదివారం మావయ్య ఇంటికి వెళ్తే వరండాలో ఒక సీసాడు ఆకుపచ్చ రసం. పక్కింటాయన తెచ్చిచ్చాడట, ఇది తాగితే ఆ బిళ్ళలు అక్కర్లేదని. అత్త నా ముఖం చూసి "నీ సదువు కూడా ఆకుల మీదే కదే, నువ్వే సెప్పు" అంది.

చెప్పా. మొక్క నుంచి మందు రాదని నేను ఎప్పుడూ అనను అత్తా, మీ గుమ్మం ముందున్న బిళ్ళగన్నేరు నుంచే విన్‌క్రిస్టిన్ వచ్చింది, పిల్లల రక్త క్యాన్సర్‌కి ఇస్తారు. పేగు క్యాన్సర్‌కే ఇచ్చే ఇరినోటెకాన్ ఒక చైనా చెట్టు నుంచి మొదలైంది, అందులోంచి కాంప్టోథెసిన్‌ని 1966లో మన్రో వాల్, మన దేశంలో పుట్టిన మన్సుఖ్ వాణి కలిసి బయటికి తీశారు. 1970ల్లో దాని ఉప్పు రూపం మనుషులకి ఇస్తే మూత్రాశయం దెబ్బతిని ఆపేశారు. తర్వాత జపాన్‌లో దాని అణువుని మార్చి ఇరినోటెకాన్ చేశారు, అమెరికాలో అనుమతి వచ్చింది 1996లో. ముప్ఫై ఏళ్ళు. ఆ ముప్ఫై ఏళ్ళూ జరిగిన పని ఈ సీసాలో లేదు.

మావయ్య అంతా విని, "మరి నీ మందు?" అన్నాడు. అబద్ధం చెప్పలేను. నాది ప్లాస్టిక్ గుంతలో కణాల మీద పనిచేసింది మావయ్యా, మామూలు కణాల్నీ చంపింది, ఒంట్లోకి వెళ్తే ఏమవుతుందో అదంతా వేరే లోకం అన్నా. 2016లో పదేళ్ళ పరిశోధనలన్నీ కలిపి లెక్కేస్తే రక్తంలోకి ఎక్కించిన నానోకణాల్లో మధ్యస్థంగా 0.7 శాతమే గడ్డ దాకా చేరాయని తేలింది, మిగతావి చాలావరకు కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. వెండి అయితే చర్మంలో చేరి మనిషి నీలిబూడిద రంగుకి మారడం కూడా ఉంది. ఇవన్నీ ఆయనకి చెప్పలేదు, బిళ్ళలు మానొద్దు, రసం సంగతి డాక్టర్‌ని అడక్కుండా గొంతులో పోసుకోవద్దు, అంతే చెప్పా. సీసా అత్త పెరట్లో పారబోసింది.

నవంబర్ 9

దారి మారుస్తున్నాం, లోహం వద్దు. మొక్కే తనంతట తాను చేసుకునే నానో సంచులు ఉన్నాయి, కొవ్వు పొరతో, లోపల ఆ మొక్క పదార్థాలతో. అట్లాంటాలో జార్జియా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2016లో అల్లం నుంచి 230 నానోమీటర్ల సైజువి తీసి ఎలుకలకి నోటి ద్వారా ఇస్తే పేగువాపు, ఆ వాపు వల్ల వచ్చే క్యాన్సర్ తగ్గాయి. పెద్దపేగుకి నోటి దారి ఉండడం మనకున్న ఒక వసతి, రక్తంలో తిరిగి కాలేయానికి చిక్కే బాధ కొంత తప్పుతుంది. అమెరికాలోనే లూయివిల్ యూనివర్సిటీ వాళ్ళు ఇలాంటి సంచుల్లో పసుపులోని కర్‌క్యుమిన్ పెట్టి పేగు క్యాన్సర్ రోగుల మీద ఒక ట్రయల్ కూడా రిజిస్టర్ చేశారు.

మామూలుగా వీటికి భూమి ఆకర్షణకి లక్ష రెట్ల పైన బలంతో తిప్పే అల్ట్రాసెంట్రిఫ్యూజ్ కావాలి, మా దగ్గర లేదు. పెగ్-6000 అనే పాలిమర్ కలిపి రాత్రంతా చల్లగా ఉంచి మామూలు వేగంలో కిందికి దింపే పద్ధతి ఉంది, అదే పట్టుకున్నా. ఎంవీపీ కాలనీ రైతుబజార్‌లో పాడేరు అల్లం రెండు కిలోలు, మట్టి కడగడానికే గంట పట్టింది. మిక్సీలో చల్లటి పీబీఎస్‌తో తిప్పి, పీచు గుడ్డలో పిండి, ముందు తక్కువ వేగంలో పిండిపదార్థం దింపేసి, పైన తేటకి పెగ్ కలిపా. ల్యాబ్ అంతా అల్లంటీ వాసన.

నవంబర్ 12

ట్యూబ్ అడుగున గోరుచివరంత లేత పసుపు ముద్ద. పీబీఎస్‌లో కలిపి డీఎల్ఎస్‌లో పెడితే 260 దగ్గర ఒక గుంపు, వెయ్యి పైన ఇంకోటి, ఆ రెండోది పిండి మిగిలిందో ముద్దలు కట్టిందో చూడాలి. 0.45 మైక్రాన్ ఫిల్టర్ వేసి మళ్ళీ చదవాలి.

అల్లంలో కూడా ఎలక్ట్రాన్లు ఇచ్చేవి బోలెడు ఉన్నాయి, జింజెరాల్, షోగాల్. అందుకే ఈసారి కణాలు బయటికి తీయకముందే ఖాళీ ప్లేటు పెట్టా, మీడియం, అల్లం సంచులు, ఎంటీటీ, ఉత్త పెగ్ ఒక వరస కూడా, కొంచెం పెగ్ మిగిలుంటుంది కాబట్టి. మధ్యాహ్నం రెండింటికి పెట్టా, ఆరింటికి తీయాలి.

నాలుగింటికి మావయ్య ఫోన్ చేశాడు, మొన్నటితో ఆఖరి డ్రిప్పు అయిపోయింది, వేళ్ళ చివర్లు ఇంకా తిమ్మిరిగానే ఉన్నాయట, డాక్టర్ కొన్ని నెలలు పడుతుందన్నారట. హార్బర్‌కి ఎప్పుడు వెళ్ళొచ్చని అడిగాడు. ఐసు పనికి ఇప్పుడే వద్దు మావయ్యా, కాటా దగ్గర కూర్చునే పని అడుగు అన్నా. ప్లేటు తీసి చూశా, సంచుల వరసలో పై రెండు మోతాదులు లేత ఊదా, మిగతావి పసుపుగానే ఉన్నాయి, పెగ్ వరస శుభ్రంగా ఉంది. అంకెలు నోట్‌బుక్‌లో రాశా, రేపు కణాలకి ట్రిప్సిన్ (అడుగున అతుక్కున్నవాటిని విడదీసే ఎంజైమ్) వేస్తా.